కళ్ళు తెరవని స్వామి

"సూది ఇయ్యను. ఎవులొచ్చి అడిగినా ఇయ్యను."

వెంకటలక్ష్మి వంటగది గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. చీర కొంగు చివర ముడి వేసి, ఆ ముడిని పిడికిట్లో బిగించి పట్టుకుంది. ముడిలో బంగారు సూది ఉంది. కొత్తగెడ్డపేట గుళ్ళో వేణుగోపాలస్వామి విగ్రహానికి ఈ మధ్యాహ్నం లోపల ఆ సూదితోనే కళ్ళు తెరవాలి.

"అమ్మా, ఊరోలు వ్యాను పంపించీసినారంట. దార్లో ఉంది," అన్నాడు కొడుకు రాఘవేంద్ర.

"ఉండనీ. ఎండ తగిలితే అదేటీ అరిగిపోదు."

నిన్న సాయంత్రం ఇదే మనిషి కాశీబుగ్గ వీధిలో ఇల్లిల్లూ తిరిగి అందరి నోట్లో బెల్లం ముక్క పెట్టింది. పెళ్ళయిన ఆరేళ్ళకు కోడలు నిహారిక నీళ్ళోసుకుంది. డాక్టరమ్మ ఆ మాట చెప్పగానే ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ముక్కూ మొహం తెలియని ఆటోవాడికి కూడా బెల్లం పెట్టింది.

తెల్లవారేసరికి సూది దాచేసింది.

"కడుపుతో ఉన్నది రాయి మీద ఉలి పెడతాదా? గ్రహణం నాడు కత్తిపీట ముట్టనివ్వం గదా!"

"ఇయ్యాల గ్రహణం లేదమ్మా."

"నువ్వు మాటాడకు. నువ్వయితే కొబ్బరికాయ కూడా కొట్టకూడదు."

రాఘవేంద్ర తల గోక్కున్నాడు. "నిన్న వినాయకుడి దగ్గర రెండు కొట్టీసినాను మరి?"

"ఓలమ్మో!" వెంకటలక్ష్మి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

గది లోపల నుంచి నిహారిక నవ్వు వినబడింది. నవ్వు ఆపుకోలేక దగ్గింది. వెంకటలక్ష్మి మొహంలో కూడా ఏదో కదిలింది గానీ, వెంటనే పెదవులు బిగించేసింది.

వరండాలో అరుగు మీద జగన్మోహనరావు పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన స్థపతి. రాయిని ఎంచుకోవడం దగ్గర నుంచి శిఖరం మీద కలశం నిలబెట్టేవరకూ గుడి పనంతా ఆయన చేతి మీదుగానే నడవాలి. టెక్కలి చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ఆయన కట్టిన గుళ్ళున్నాయి. కొడుక్కి రాతి దుమ్ము పడదు. దగ్గరకొస్తే తుమ్ములు. అందుకని టెక్కలి కాలేజీలో లెక్కలు చెప్పుకుంటున్నాడు. ఆ విద్య కోడలికి అబ్బింది. నందిగాం పిల్ల. గుడి కట్టడం కాలేజీలో చదువుకుంది. ఆమె చెక్కిన ఒక చిన్న నంది మొహం చూసి, ఆ పిల్ల ఎవరి పిల్ల అని వెతుక్కుంటూ వెళ్ళి సంబంధం అడిగాడాయన.

ఈ ఏడాది ఆయన చూపు తగ్గింది. స్వామి ఒళ్ళు ఆయన చెక్కాడు. మొహం నిహారిక చెక్కింది. కళ్ళు మాత్రం మిగిలాయి. అవి చివరి రోజునే తెరవాలి. వెంట్రుకవాసి పక్కకు పోతే మళ్ళీ దిద్దడానికి ఉండదు.

"ఏటండీ, మీరు నోరు మెదపరేటి?" అంది వెంకటలక్ష్మి భర్తతో. "మీ శాస్త్రంలో ఉందా, కడుపుతో ఉన్నది కళ్ళు తెరవొచ్చని?"

"తెరవకూడదని నాను ఎక్కడా సదవలేదు."

"తెరవొచ్చని సదివినారా?"

"అదీ సదవలేదు."

"మరింకేటి!"

అప్పుడే వీధిలో హారన్ మోగింది.

కొత్తగెడ్డపేట గుడి కమిటీ పెద్ద కూర్మారావు వ్యాను దిగాడు. చంకలో పొడుగాటి అట్టపెట్టె. వెనకాల అతని తల్లి బొడ్డమ్మ, కొబ్బరి చెట్టు దిగినంత జాగ్రత్తగా, డ్రైవర్‌ని తిట్టుకుంటూ దిగింది. గుడికి స్థలం ఇచ్చింది ఆవిడే. తిత్లీ తుఫానుకు పాత గుడి రేకులూ, ఆవిడ కొబ్బరి తోటా ఒక్క పూటలో పోయాయి. మళ్ళీ మొక్కలు వేద్దామని కొడుకంటే, "ముందు సామికి నీడ, తరవాత మనకి కాయ," అని పట్టుబట్టి తోటలో సగం రాసిచ్చేసింది.

"శిల్పి గారూ, అంతా సిద్ధమా?" అన్నాడు కూర్మారావు. "నిహారికమ్మా, నువ్వు కోప్పడకు గానీ, ఒక్క లైటు తెచ్చినాను. సన్నదే. గర్భగుళ్ళో పై మూలకి పెట్టిద్దాం."

నిహారిక బయటికి వచ్చింది. "మళ్ళీ మొదలెట్టినారా బాబాయ్? పోయిన వారమే ఒద్దనుకున్నాం గదా."

"మరి సీకట్లో సామి కనబడడని జనం గోల పెడతన్నారమ్మా. రావివలసలో మల్లికార్జునస్వామి కప్పు కూడా లేకుండా ఎండలోనే ఉన్నాడు. మన సామికి ఒక్క లైటు తప్పా?"

"ఆ సామికి ఎండ ఇష్టం. ఈ సామికి సీకటి ఇష్టం. ఇష్టాలు అడక్కుండా ఇల్లు కడతామా?"

బొడ్డమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే గుమ్మంలో కూర్చున్న వెంకటలక్ష్మిని చూసింది. "ఏటమ్మా, అలగినావా? పెళ్ళికి ముందు పెళ్ళికొడుకు తల్లిలా కూకున్నావు?"

చెప్పకూడదు అనుకుంటూనే రాఘవేంద్ర చెప్పేశాడు. "నిహారిక నీళ్ళోసుకుందండి. అమ్మ సూది ఇయ్యనంటంది."

కూర్మారావు మొహం రెండు ముక్కలయింది. సగం నవ్వింది, సగం భయపడింది.

బొడ్డమ్మ మాత్రం రెండు చేతులూ ఎత్తేసింది. "ఓలప్పా! నా గోపాలుడికి తోడు ఇంకో గోపాలుడా! ఏరా కూర్మీ, ఇంత మంచి మాట ఇని అలా నిలబడిపోయినావేటి?"

"అది కాదే అమ్మా... కమిటీవోలు ఏటంటారో..."

"కమిటీ అంటే ఎవుల్రా? నువ్వూ నీ బావా. మీ ఇద్దరికీ నాను సెప్తాను." ఆవిడ వెంకటలక్ష్మి వైపు తిరిగింది. "నా కడుపులో ఈడున్నప్పుడు మా అత్త నన్ను పొలానికి తీసుకెళ్ళి మొదటి నారు నా సేతే ఏయించింది తల్లీ. కడుపుతో ఉన్నదాని సెయ్యి పడితే గింజ నిండుతాదని. మరి సామి పనికి ఆ సెయ్యి కాదేటి?"

"నారు వేరు, గుడి వేరు," అంది వెంకటలక్ష్మి.

ఆ గొంతులో మొండితనం లేదు. అదే అందరినీ ఆపేసింది.

జగన్మోహనరావు సంచి పక్కన పెట్టి లేచాడు. భార్య ముందు గోడకు చేరబడి నిలబడ్డాడు.

"లక్ష్మీ, ఇన్ని గుళ్ళు కట్టినాను. ఒక్క గుళ్ళోకీ నువ్వు రాలేదు. పనుందన్నావు, మోకాలన్నావు. నా పని నీకు ఇష్టం లేదేమోననుకున్నాను. ఇదే నా ఆఖరి గుడి. దీనికయినా పిలుద్దామనుకున్నాను. నువ్వేమో సూదే దాసీసినావు."

వెంకటలక్ష్మి తల దించుకుంది.

"రాఘవకి మూడేళ్ళప్పుడు," అంది. "మీరు మెళియాపుట్టి దారిలో గుడి కడతన్నారు. నాకు అయిదో నెల. మీకు కేరేజీ తెచ్చినాను. మీరు గర్భగుడి కోసం తీసిన గోతిలో ఉన్నారు. పిలిస్తే ఇనబడలేదు. నాను గోతిలోకి దిగినాను. కొలతకి మీరు కట్టిన దారం దాటి దిగినాను."

"అవును," అన్నాడాయన. "నానే సెయ్యందించి పైకెక్కించినాను."

"ఆ సాయంత్రమే పోయింది గదండీ కడుపు."

వీధిలో వ్యాను ఇంజను ఆగిన చప్పుడు అందరికీ వినబడింది.

"మీ పెదమ్మ వొచ్చి ఏటందో తెలుసా? గర్భగుడి గోతిలో కాలెట్టినావు, సామి తన గర్భానికి నీ గర్భం తీసుకున్నాడంది. అప్పటినుంచి మీ గుళ్ళంటే నాకు దడ. మీతో సెప్తే మీరు ఉలి ఒగ్గేస్తారు. ఉలి ఒగ్గేస్తే మీరు బతకరు. అందుకని మోకాలన్నాను."

జగన్మోహనరావు గోడ వెంట మెల్లగా జారి, భార్య పక్కన నేల మీదే కూర్చున్నాడు.

బొడ్డమ్మ కళ్ళొత్తుకుంది. కూర్మారావు చంకలోని లైటు పెట్టెను ఎక్కడ పెట్టాలో తెలియక ఇటూ అటూ మార్చుకున్నాడు.

నిహారిక అత్తగారి ఎదురుగా కూర్చుంది. సూది కోసం చెయ్యి చాపలేదు.

"అత్తా, సూది మీ దగ్గరే ఉంచండి. నాకొద్దు. మీరు మాతో ఊరికి రండి. సామి ఇంకా కళ్ళు తెరవలేదు కాబట్టి లోపలికి ఎవరయినా వెళ్ళొచ్చు. ఒక్కసారి ఆ గదిలో నా పక్కన కూర్చోండి. ఆ తరవాత మీరు ఒద్దంటే నేను సూది ముట్టను."

"ముట్టకపోతే ముహూర్తం?" అన్నాడు కూర్మారావు గాభరాగా.

"ముహూర్తం పోద్ది బాబాయ్."

"అమ్మా!"

"నువ్వు ఊరుకోరా," అంది బొడ్డమ్మ. "ఇన్నాళ్ళు నీడ లేకుండా ఆగినాడు. ఇంకొక ముహూర్తం ఆగలేడేటి?"

వెంకటలక్ష్మి కోడలి మొహంలోకి చూసింది. అక్కడ గెలవాలన్న ఆత్రం కనబడలేదు. పీట మీంచి లేచింది.

"సీర మార్చుకుంటాను," అంది. "ఇది నలిగిపోయింది."

* * *

వ్యాను పలాస దాటి జీడితోటల్లో పడేసరికి బొడ్డమ్మ పాట అందుకుంది. కూర్మారావు సిగ్గుపడుతూ గొంతు కలిపాడు. వెంకటలక్ష్మి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. జగన్మోహనరావు చెయ్యి ఆవిడ చెయ్యి మీద ఉంది. దారి పొడవునా తియ్యలేదు.

ఊరి మొదట్లోనే తప్పెటగుళ్ళ మోత వినబడింది. రొమ్ముల మీద తప్పెట్లు కట్టుకున్న కుర్రాళ్ళు ఇసకలో గుండ్రంగా తిరుగుతూ ఎగురుతున్నారు. ఆడవాళ్ళు పసుపు రాసిన బిందెలతో నీళ్ళు తెస్తున్నారు. కొబ్బరి మట్టల పందిరి మీదుగా గుడి శిఖరం కనబడింది.

శ్రీముఖలింగం పద్ధతిలో కట్టిన శిఖరం. కింద నిటారుగా లేచి, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతుంది. కొసన ఉసిరికాయలా పలకలు తీసిన గుండ్రటి రాయి, దాని మీద రాగి కలశం.

"ఇదా?" అంది వెంకటలక్ష్మి. భర్త కట్టిన గుడిని ఆవిడ ఇంత దగ్గరగా చూడడం ఇదే మొదలు.

"గాలొస్తే పడిపోదు గదా అని నాను రోజూ అడిగీదాన్ని," అంది బొడ్డమ్మ. "మీ ఆయన ఏటన్నాడో తెలుసా? గాలికి ఎదురు నిలబడితే గదా తొయ్యడానికి, ఇది వొంగి దారిస్తాదన్నాడు."

జగన్మోహనరావు భార్యకు చూపించాడు. "ఆ కలశం సూసినావా? అక్కణ్ణుంచి దారం వదిల్తే తిన్నగా సామి తల మీదకే దిగుతాది. తూర్పు ఎటో దిక్సూచి సూసి పెట్టలేదు. ఇక్కడ ఇసకలో కర్ర పాతి, సుట్టూ గుండ్రంగా గీత గీసినాం. పొద్దుటి నీడ కొస దాన్ని తాకిన దగ్గర, సాయంత్రం నీడ కొస తాకిన దగ్గర గుర్తెట్టినాం. ఆ రెండు గుర్తులూ కలిపిన గీత మీద గుమ్మం నిలబెట్టినాం. నీడ సరిగ్గా ఎక్కడ తాకిందో సూసింది కోడలే."

చిన్నపిల్లాడిలా చెప్పుకుపోతున్నాడు. ఇన్నేళ్ళుగా చెప్పాలనుకున్నవన్నీ ఒక్కసారే చెప్పేద్దామన్నట్టు. వెంకటలక్ష్మి గుడిని వదిలేసి ఆయన మొహమే చూస్తూ నిలబడింది.

మండపం మెట్ల దగ్గర ఆవిడ ఆగిపోయింది.

"నాతో రండి," అంది నిహారిక.

మండపంలో వెలుగు సగమయింది. రాతి స్తంభాల మధ్య నుంచి నడుస్తుంటే తప్పెట్ల మోత వెనక్కి పోయింది. తరవాత చిన్న గది. అక్కడ వెలుగు ఇంకా సన్నబడింది. ఆ తరవాత గర్భగుడి గుమ్మం. తల వంచితే గానీ పట్టదు.

వెంకటలక్ష్మి గడప ముందు కాలు వెనక్కి తీసుకుంది. నిహారిక ముందుగా దాటి, లోపల నుంచి చెయ్యి చాపింది. ఆవిడ కళ్ళు మూసుకుని కాలు లోపల పెట్టింది.

ఇద్దరూ చల్లటి నేల మీద కూర్చున్నారు. ఒక మూల చిన్న దీపం వెలుగుతోంది.

"ఏటి కనబడతంది అత్తా?"

"ఏటీ లేదు. సీకటి."

"కొంచెం ఆగండి."

ఆగింది. గోడలు మందంగా ఉండడం వల్ల బయటి చప్పుడు చాలా దూరంగా ఉంది. ఊపిరి వినబడుతోంది. కాసేపటికి స్వామి పాదాలు కనబడ్డాయి. తరవాత నడుము వంపు. పిల్లనగ్రోవి. దాన్ని పట్టుకున్న వేళ్ళు. దీపం కదిలినప్పుడల్లా ఆ వేళ్ళు కదిలినట్టుంది. చివరికి మొహం కనబడింది. కళ్ళుండాల్సిన చోట నున్నటి రాయి.

"కళ్ళు లేవు," అంది గుసగుసగా.

"లోపలున్న పిల్లలకి కళ్ళు మూసే ఉంటాయి గదత్తా."

వెంకటలక్ష్మి స్వామి వైపు కొంచెం జరిగింది.

"అందుకే ఈ గదిని ఇంత చిన్నగా, ఇంత సీకటిగా కట్టమన్నారు. కిటికీ ఉండదు. ఒకటే గుమ్మం. ఇది కడుపు. ఇక్కడ దేన్నీ తీసుకోరత్తా. ఇది పుట్టడానికి కట్టిన గది. దర్శనానికి వచ్చిన మనిషి కూడా ఇక్కడిదాకా వచ్చి, మళ్ళీ పుట్టినట్టు వెలుగులోకి వెళ్ళాలని."

"నువ్వు సదువుకున్నావు, సెప్తావు. నా కడుపు మరి?"

నిహారిక నెమ్మదిగా అంది. "నాకు తెలీదత్తా. అది ఎందుకు పోయిందో నాకు తెలీదు. సామి తీసుకోలేదని మాత్రం అనుకుంటున్నాను." గొంతు తగ్గించింది. "నాకూ బయంగానే ఉంది. నిన్న డాక్టరమ్మ సెప్పినప్పటి నుంచీ. పొద్దున్న మీరు సూది దాసినప్పుడు లోపల నవ్వినాను గదా, నవ్వినాక ఏడ్చినాను. ఒకవేళ మీరన్నట్టే అయితే? సెయ్యి వణికితే? ఎవరితో సెప్పను? మావయ్యతో సెప్తే ఆయన పని ఆపేస్తారు."

చీకట్లో వెంకటలక్ష్మి చెయ్యి తడుముకుంటూ వచ్చి కోడలి చేతిని పట్టుకుంది.

"ఈ మాట పొద్దున్నే సెప్పొచ్చు గదే, పిచ్చిదానా!"

"మీరింకా బయపడతారని."

"బయపడితే ఇద్దరం బయపడదుము!" అంటూ ఆవిడ నవ్వేసింది. ఏడుపు కలిసిన నవ్వు. గోడలకు తగిలి ఆ నవ్వు పెద్దదయింది. నిహారిక కూడా నవ్వింది. గుమ్మం అవతల తెర పక్కన నిలబడ్డ జగన్మోహనరావుకు, లోపల ఇద్దరు ఆడవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. ఆయన మొహం మాత్రం విప్పారింది.

వెంకటలక్ష్మి కొంగు ముడి విప్పడానికి చాలాసేపు తంటాలు పడింది. మరీ గట్టిగా వేసింది. చివరికి పళ్ళతో లాగి విప్పింది.

"ఇదిగో. అయితే ఒక మాట. నాను నీ పక్క నుంచి కదలను."

"పక్కన కాదత్తా, ఎదురుగా. కళ్ళు తెరవగానే సామి మొదటి చూపు చాలా గట్టిదంటారు. అది మనుషుల మీద పడకూడదని ఎదురుగా అద్దం పడతారు. ఆ అద్దం పట్టుకోడానికి ఒక మనిషి కావాలి."

"ఎవులు పట్టుకుంటారన్నారు?"

"కూర్మారావు బాబాయ్."

"ఆ లైటు మనిషా!" అంది వెంకటలక్ష్మి. "ఒద్దు. ఇలాగివ్వు."

* * *

తెర వేశారు. మండపంలో అర్చకుల మంత్రాలు, బయట తప్పెట్లు, మధ్యలో "తోసుకోకండిరా!" అంటూ కూర్మారావు కేకలు. అతని లైటు పెట్టె మీద ఇద్దరు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు.

తెర లోపల ముగ్గురే. జగన్మోహనరావు దీపం ఎత్తి పట్టుకున్నాడు. నిహారిక స్వామికి పక్కగా పీట మీద నిలబడింది. గుమ్మం దగ్గర వెంకటలక్ష్మి, గుండ్రటి అద్దాన్ని స్వామి వైపు తిప్పి, మొహానికి అడ్డంగా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

టిక్, టిక్ మని చిన్న చప్పుడు. ఉలి కాదు, బంగారు సూది మీద వెండి సుత్తి. ఒకసారి ఆగింది. వెంకటలక్ష్మి ఊపిరి బిగబట్టింది. మళ్ళీ మొదలయింది.

"కుడి కన్ను," అన్నాడు జగన్మోహనరావు.

బయట ఎవరో గంట కొట్టారు.

తరవాత ఎడమ వైపు. ఈసారి చప్పుడు ఇంకా నెమ్మదిగా, ఇంకా మెత్తగా. సూది పట్టుకున్న చెయ్యి వణకలేదు.

చప్పుడు ఆగిపోయింది.

"అయింది," అంది నిహారిక. "అద్దం చూసినాడు సామి. ఇప్పుడు దించొచ్చు. కళ్ళు తెరవండి అత్తా."

"ఉండవే. కొంచెం ఉండు."

"ఏమీ కాదు. నేను బాగానే ఉన్నాను. చూడండి."

వెంకటలక్ష్మి అద్దం మెల్లగా కిందికి దించింది. కళ్ళు తెరిచింది. చీకట్లోంచి వేణుగోపాలుడు ఆవిణ్ణే చూస్తున్నాడు. ఇప్పుడే నిద్ర లేచిన బిడ్డ తల్లిని పోల్చుకుని నవ్వబోయే ముందు ఎలా చూస్తుందో అలా ఉంది ఆ చూపు.

ఆవిడ పెదవులు కదిలాయి.

"పావనీ," అంది.

నిహారిక భర్త ఇంట్లో గానీ, పుట్టింట్లో గానీ ఆ పేరున్న వాళ్ళెవరూ లేరు. ఆమె మావగారి వైపు చూసింది. జగన్మోహనరావు దీపం కింద పెట్టేశాడు. భార్య నోట ఆ పేరు ఆయన ఏనాడూ వినలేదు.

తెర లాగేశారు. వెలుగు, జనం, గోవింద నామాలు, కొబ్బరికాయల చప్పుడు ఒక్కసారిగా లోపలికి పోటెత్తాయి. బొడ్డమ్మ అందరి కంటే ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తి ఏడుస్తూ నవ్వుతోంది. ఆ సందడిలో జగన్మోహనరావు భార్య చెవి దగ్గరకు వంగాడు.

"పావని ఎవులు లక్ష్మీ?"

వెంకటలక్ష్మి స్వామి మీంచి చూపు తిప్పలేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. అయినా ఆవిడ ఇంత హాయిగా నవ్వడం ఆయన పెళ్ళయిన కొత్తలో చూశాడు, మళ్ళీ ఇప్పుడు చూస్తున్నాడు.

"సెప్తాను," అంది. "ఆ అయిదో నెల్నుంచీ నా లోపల దాసుకున్న పేరు. ఇంటికెళ్ళినాక, మిమ్మల్నీ కోడల్నీ కూకోబెట్టి సెప్తాను."